ఆహార అలెర్జీ ఉన్న కుక్కకు హైపోఅలెర్జెనిక్ ఆహారం ఎంచుకోవడం: దశలవారీ సమగ్ర మార్గదర్శి

ప్రతి కుక్కకూ సరిపడే హైపోఅలెర్జెనిక్ ఆహారం, అంటే అలెర్జీ కలిగించే అవకాశం తక్కువగా ఉండే ఆహారం, అంటూ ఏదీ లేదు. ఒక కుక్క ఏళ్ల తరబడి హాయిగా అరిగించుకున్న గొర్రెమాంసం మరో కుక్కకు చెవులు పుండ్లు పడేంత దురద తెప్పించవచ్చు. అందువల్ల సంచి మీద ఏ ముద్ర ఉందన్నది ముఖ్యం కాదు. ఆ సంచిలోని ప్రోటీన్‌ను మన కుక్క ఇంతకు ముందు తిన్నదా లేదా, ఆ ప్రోటీన్ ఏ రూపంలో ఉంది అన్నవే ముఖ్యం. ఇంకో మాట కూడా మొదటే చెప్పుకోవాలి. ఈ ఆహారం తొలి దశలో చికిత్స కన్నా ఎక్కువగా ఒక పరీక్ష: పాత తిండి ఆపితే దురద తగ్గుతుందా, తిరిగి పెడితే మళ్లీ వస్తుందా అని చూడడం. పరీక్షను సరిగా జరపకపోతే ఎంత ఖరీదైన ఆహారం తెచ్చినా అది ఏ సంగతీ తేల్చదు.

మొదటి దశ: దురదకు ఇతర కారణాలు లేవని నిర్ధారించుకోవడం

ఆహార అలెర్జీ ఉన్న కుక్క సాధారణంగా ఏడాది పొడవునా, ఋతువులతో సంబంధం లేకుండా గోక్కుంటుంది. పాదాలు నాకడం, చెవుల్లో ఇన్ఫెక్షన్ తగ్గినట్టే తగ్గి మళ్లీ రావడం, పొట్ట కింద, చంకల్లో, మలద్వారం చుట్టూ చర్మం ఎర్రబారడం తరచుగా కనిపిస్తాయి. వీటితో పాటు కొన్ని కుక్కల్లో మలం మెత్తబడడం, రోజుకు ఎక్కువసార్లు విసర్జించడం, అపానవాయువు, అప్పుడప్పుడు వాంతులు కూడా ఉంటాయి. ఏడాది లోపు వయసులోనే దురద మొదలైనా, ఏడేళ్లు దాటాక తొలిసారి కనిపించినా ఆహారాన్ని అనుమానించడానికి మరింత ఆస్కారం ఉంటుంది.

అయితే ఈ చర్మ లక్షణాలన్నీ గాలిలోని పుప్పొడి, ధూళి పురుగుల వల్ల వచ్చే అటోపిక్ డెర్మటైటిస్ అనే చర్మవ్యాధిలోనూ కనిపిస్తాయి. కేవలం చూసి ఈ రెండింటినీ వేరుచేయడం అనుభవమున్న పశువైద్యులకు కూడా సాధ్యం కాదు. కాబట్టి ముందుగా, బొచ్చులో ఉండి రక్తం పీల్చే ఫ్లీ పురుగుల నివారణ మందు క్రమం తప్పకుండా వాడాలి, గజ్జి పురుగులు లేవని చర్మాన్ని గీసి పరీక్షించాలి, చర్మం మీదా చెవుల్లోనూ ఉన్న బ్యాక్టీరియా, మలసేజియా ఈస్ట్ (ఒక రకం శిలీంధ్రం) ఇన్ఫెక్షన్లకు చికిత్స చేయాలి. ఇన్ఫెక్షన్‌ను అలాగే వదిలేసి ఆహారం మార్చితే, సరైన ఆహారమే పెట్టినా దురద తగ్గక, ఆహారం పనిచేయలేదన్న తప్పు నిర్ణయానికి వస్తాము.

రెండో దశ: ఇప్పటివరకు తిన్నదంతా రాయడం

ఈ పనిని చాలామంది ఐదు నిమిషాల్లో ముగిస్తారు. నిజానికి తర్వాత చేసే ఎంపిక అంతా దీని మీదే ఆధారపడుతుంది. కుక్కకు పుట్టినప్పటి నుంచి పెట్టిన ప్రధాన ఆహారాల పేర్లు, వాటి లేబుల్ మీదున్న పదార్థాలు, ట్రీట్లు, నమలడానికి ఇచ్చిన ఎముకలు, తోలు ముక్కలు, ఇంట్లో వాళ్లు చేతిలోంచి పెట్టిన ముద్దలు, రుచి కలిపిన మాత్రలు, టూత్‌పేస్టు, చేపనూనె, విటమిన్ గుళికలు అన్నీ రాయాలి. ఇంట్లో ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడగడం మంచిది, ఎందుకంటే ఒకరికి తెలియకుండా మరొకరు పెట్టేవే ఎక్కువ.

ఈ జాబితాను సాధారణంగా అలెర్జీ కలిగించే పదార్థాలతో పోల్చి చూడాలి. ఆహార అలెర్జీ నిర్ధారణ అయిన 297 కుక్కల వివరాలను క్రోడీకరించి 2016లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, వాటిలో 34 శాతం గొడ్డుమాంసానికి, 17 శాతం పాల పదార్థాలకు, 15 శాతం కోడిమాంసానికి, 13 శాతం గోధుమకు ప్రతిస్పందించాయి. సోయా, గొర్రెమాంసం, మొక్కజొన్న, గుడ్డు ఒక్కొక్కటి 4 నుంచి 6 శాతం మధ్య ఉన్నాయి. పందిమాంసం, చేప, బియ్యం వాటా ఇంకా తక్కువ. ఈ అంకెలను చూసి గొడ్డుమాంసం చెడ్డదనీ, చేప మంచిదనీ అనుకోరాదు. కుక్కలు ఎక్కువగా ఏవి తింటాయో వాటికే ఎక్కువగా అలెర్జీ వస్తుందన్నదే ఈ అంకెల సారం. పుట్టినప్పటి నుంచి చేపే తిన్న కుక్కకు చేపే మొదటి అనుమానితం.

మూడో దశ: ఆహార రకాన్ని నిర్ణయించడం

ఇక్కడ ప్రధానంగా మూడు దారులున్నాయి. ఏది ఎంచుకున్నా పశువైద్యులతో మాట్లాడి ఎంచుకోవడం అవసరం.

మొదటిది హైడ్రోలైజ్డ్ ఆహారం. ఇందులో ప్రోటీన్‌ను ఎంజైముల సాయంతో చిన్న చిన్న ముక్కలుగా విడగొడతారు. అలెర్జీ ప్రతిచర్యలో, రోగనిరోధక వ్యవస్థకు చెందిన మాస్ట్ కణం మీద అంటుకుని ఉన్న రెండు ఐజీఈ యాంటీబాడీలను (అలెర్జీకి కారణమయ్యే రక్షక ప్రోటీన్లను) ఒకే ప్రోటీన్ అణువు వంతెనలా కలిపినప్పుడు ఆ కణం దురద పుట్టించే హిస్టమిన్ వంటి రసాయనాలను విడుదల చేస్తుంది. ముక్క అంత పొడవు లేకపోతే వంతెన కట్టలేదు. ఆహార అలెర్జీ కలిగించే ప్రోటీన్లు ఎక్కువగా 10 నుంచి 70 కిలోడాల్టన్ల (అణువుల బరువును కొలిచే ప్రమాణం) పరిమాణంలో ఉంటాయి కాబట్టి ముక్కలు ఎంత చిన్నవైతే అంత మేలు. అందుకే అన్ని హైడ్రోలైజ్డ్ ఆహారాలనూ ఒకే గాటన కట్టరాదు. కొన్నింటిలో పాక్షికంగానే విడగొట్టిన పెద్ద ముక్కలు మిగిలి ఉంటాయి. కోడి ఈకల నుంచి తయారుచేసే కొన్ని ఆహారాల్లో దాదాపు ముక్కలన్నీ 1 కిలోడాల్టన్ కన్నా చిన్నవి. కోడిమాంసానికి అలెర్జీ ఉన్న కుక్కల్లో కొన్ని, కోడి నుంచే తీసిన పాక్షిక హైడ్రోలైజ్డ్ ఆహారానికి కూడా ప్రతిస్పందిస్తాయి. కాబట్టి అనుమానిత జంతువు నుంచి తీసిన హైడ్రోలైజ్డ్ ఆహారాన్ని కాక, వేరే మూలం నుంచి తీసినదాన్ని లేదా ముక్కలు మరీ చిన్నగా ఉన్నదాన్ని ఎంచుకోవడం క్షేమం. ప్రోటీన్ స్థానంలో విడి అమైనో ఆమ్లాలనే వాడే ఆహారాలు కూడా ఉన్నాయి. తక్కినవి విఫలమైన క్లిష్టమైన కుక్కలకు అవి అక్కరకు వస్తాయి.

రెండోది కొత్త ప్రోటీన్ ఆహారం, అంటే కుక్క ఎన్నడూ తినని ఒకే జంతు ప్రోటీన్, ఒకే పిండిపదార్థంతో తయారైనది. కుందేలు, జింక, గుర్రం, కంగారూ మాంసాలు ఇందుకు వాడతారు. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, దగ్గరి జాతుల ప్రోటీన్ల మధ్య పోలిక. గొడ్డుమాంసం, గొర్రెమాంసం, ఆవుపాల ప్రోటీన్ల మధ్య పరస్పర ప్రతిచర్య ప్రయోగశాలలో కనిపించింది. నెమరువేసే జంతువే అయిన జింక కూడా గొడ్డుమాంసం పడని కుక్కకు నమ్మకమైన ప్రత్యామ్నాయం కాదు. కోడి పడని కుక్కకు బాతు, టర్కీ కోడి కూడా అంతే. కోడికీ చేపకూ మధ్య కూడా కొన్ని ప్రోటీన్లు పోలి ఉంటాయని తేలిన తరువాత, చేపను నిర్దోషిగా తీసుకోవడంలో కొంత జాగ్రత్త అవసరమైంది. రెండో చిక్కు, పరిమిత పదార్థాల పేరుతో పశువైద్యుల చీటీ లేకుండా అమ్ముడయ్యే ఆహారాలను పరీక్షించినప్పుడు, లేబుల్ మీద లేని జంతువుల ప్రోటీన్లు వాటిలో తరచుగా బయటపడ్డాయి. ఒకే యంత్రం మీద వేర్వేరు ఆహారాలు తయారుకావడం దీనికి ఒక కారణం. అందుకే పరీక్ష దశలో పశువైద్యులు సూచించే చికిత్సా ఆహారాన్నే వాడడం మంచిదని నా గట్టి అభిప్రాయం. ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే, రోగ నిర్ధారణ పూర్తయ్యాక అందుకు తగినంత వెసులుబాటు ఉంటుంది.

మూడోది ఇంట్లో వండిపెట్టే ఆహారం. పదార్థాలన్నీ మన చేతిలో ఉంటాయి కాబట్టి కల్తీ భయం అతి తక్కువగా ఉండే దారి ఇదే. ఒక కొత్త మాంసం, ఒక కొత్త పిండిపదార్థం ఉడికించి పెట్టడం చూడడానికి సులువే. కానీ మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. అయోడిన్, జింక్, రాగి, విటమిన్ డి, విటమిన్ ఇ వంటివి కూడా లోపిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు కొద్ది వారాల పరీక్షలో ఈ లోటు సాధారణంగా బయటపడదు. నెలలు గడిస్తే మాత్రం ప్రమాదమే. ఎదిగే కుక్కపిల్లకు, గర్భంతో ఉన్న కుక్కకు, పాలిచ్చే తల్లికి పశు పోషకాహార నిపుణులు లెక్కగట్టిన వంటకం లేకుండా ఈ దారి పట్టరాదు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, జైలిటాల్ కలిసిన తీపి పదార్థాలు కుక్కలకు విషతుల్యాలు కాబట్టి ఆ వంట దరిదాపులకు రానీయరాదు.

ప్యాక్ చేసిన ఆహారమైతే లేబుల్ మీద మొదట చూడవలసింది అది మన కుక్క వయసు దశకు పరిపూర్ణమైన, సమతుల ఆహారమా కాదా అన్నది. ఎదిగే వయసు కుక్కకు పెద్ద కుక్కల కోసం చేసినదాన్ని పెట్టకూడదు. గతంలో పాంక్రియాటైటిస్ (క్లోమ గ్రంథి వాపు) వచ్చిన కుక్కకు కొవ్వు శాతాన్ని కూడా చూసుకోవాలి, ఎందుకంటే అలెర్జీకి అనువైన ఆహారాలన్నీ కొవ్వు తక్కువగా ఉన్నవి కావు.

తప్పుదారి పట్టించేవి

రక్తంలోని యాంటీబాడీలను కొలిచి ఏ ఆహారం పడదో చెబుతామనే పరీక్షలు కుక్కల్లో నమ్మదగినవి కావు. ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లోనూ అవి అలెర్జీ ఉన్నట్టు ఫలితాలు చూపిస్తాయి. వెంట్రుకలు, లాలాజలం పంపితే చాలునని చెప్పే పరీక్షల సంగతి ఇంకా హాస్యాస్పదం. 2019లో ప్రచురితమైన ఒక పరిశీలనలో కృత్రిమ బొచ్చునూ, శుద్ధమైన ఉప్పునీటినీ నమూనాలుగా పంపినా వాటికి కూడా అలెర్జీలు ఉన్నట్టు నివేదికలు వచ్చాయి.

ధాన్యాలు లేని ఆహారమే అలెర్జీకి విరుగుడన్న నమ్మకం కూడా నిలవదు. పైన చెప్పిన అంకెల్లో ముందువరుసలో ఉన్నవి జంతు ప్రోటీన్లే. పైగా, బఠాణీలు, పప్పుధాన్యాలు, బంగాళాదుంపలు ప్రధాన పదార్థాలుగా ఉన్న కొన్ని ఆహారాలకూ, గుండె కండరం సాగి బలహీనపడే డైలేటెడ్ కార్డియోమయోపతికీ సంబంధం ఉందేమోనని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో పరిశీలన ప్రారంభించింది. ఆ సంబంధం కచ్చితంగా రుజువు కాలేదు. అయినా కారణం లేకుండా ధాన్యాలను మానిపించనవసరం లేదని మాత్రం చెప్పవచ్చు. పచ్చిమాంసం పెడితే అలెర్జీ పోతుందన్న మాటకూ ఆధారం లేదు. గొడ్డుమాంసం పడని కుక్కకు అది పచ్చిగా ఉన్నా పడదు. అదనంగా సాల్మొనెల్లా బ్యాక్టీరియా బెడద ఇంట్లో వాళ్లకు కూడా చుట్టుకుంటుంది.

నాలుగో దశ: కొత్త ఆహారంలోకి మార్చడం

7 నుంచి 10 రోజుల వ్యవధిలో పాతదాన్ని తగ్గిస్తూ కొత్తదాన్ని పెంచాలి. పాత ఆహారం పూర్తిగా ఆగిన రోజే పరీక్షకు మొదటి రోజు.

పరిమాణాన్ని పాత కొలపాత్రతో కొలవకూడదు, ఎందుకంటే ఆహారానికీ ఆహారానికీ శక్తి సాంద్రత మారుతుంది. కుక్క బరువును కిలోల్లో తీసుకుని దాని 0.75 ఘాతాన్ని 70తో గుణిస్తే విశ్రాంతి దశలో దానికి అవసరమైన కిలోకేలరీలు వస్తాయి. 10 కిలోల కుక్కకు అది సుమారు 394. పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స జరిగిన పెద్ద కుక్కకు దానికి 1.6 రెట్లు, అంటే సుమారు 630 కిలోకేలరీలతో మొదలుపెట్టి, రెండు వారాలకోసారి బరువు తూచి సరిచేసుకోవచ్చు.

ఐదో దశ: ఎనిమిది వారాల నిష్ఠ

ఐదు వారాలకు ఆహార అలెర్జీ ఉన్న కుక్కల్లో 80 శాతానికి పైగా, ఎనిమిది వారాలకు 90 శాతానికి పైగా మెరుగుపడతాయి. అందుకే ఎనిమిది వారాలను కనీస గడువుగా పెట్టారు. జీర్ణకోశ లక్షణాలు మాత్రమే ఉన్న కుక్కల్లో ఫలితం రెండు మూడు వారాల్లోనే తెలుస్తుంది. చర్మం నిదానంగా మానుతుంది కాబట్టి మూడో వారంలో నిరాశపడి ఆపేయడం అంతవరకు పడ్డ శ్రమను వృథా చేసుకోవడమే.

ఈ ఎనిమిది వారాల్లో కుక్క నోట్లోకి వెళ్లేది ఎంచుకున్న ఆహారమూ, నీళ్లూ మాత్రమే కావాలి. పరీక్షలు విఫలమయ్యేది ఎక్కువగా ఆహారం ఎంపిక వల్ల కాదు, ఎవరి కంటా పడని చిన్న చిన్న మినహాయింపుల వల్ల. పురుగుల మందు, హార్ట్‌వర్మ్ (గుండెలో చేరే పురుగు) నివారణ మందు నమిలే మాత్రల రూపంలో ఉంటే వాటిలో చాలావరకు మాంసపు రుచి కలిపి ఉంటుంది. వాటిని మానేయకుండా, చర్మం మీద పోసే రకాన్నో రుచి కలపని రకాన్నో ఇవ్వమని పశువైద్యులను అడగాలి. మందు గుళికల పైతొడుగు జెలటిన్ పశువుల నుంచో పందుల నుంచో తీసినదై ఉంటుంది. మాత్రను వెన్నలోనో మాంసంలోనో దాచి పెట్టే అలవాటు మానుకోవాలి. పిల్లి గిన్నె ఎత్తులో ఉండాలి, పసిపిల్లలు తినే చోటికి కుక్కను రానీయకూడదు, నడకకు తీసుకెళ్లినప్పుడు నేల మీద దొరికింది తినకుండా పొట్టి తాడుతో పట్టుకోవాలి. ఇంకో కుక్క ఉంటే రెండింటికీ ఒకే ఆహారం పెట్టడం లేదా వేర్వేరు గదుల్లో పెట్టి మిగిలినదాన్ని వెంటనే తీసేయడం మేలు.

ట్రీట్లు లేకుండా శిక్షణ ఎలాగన్నది చాలామంది బెంగ. అదే ఆహారపు డబ్బా రకాన్ని పలుచని ముక్కలుగా కోసి ఓవెన్‌లో ఎండబెడితే, లేదా పొడి ఆహారపు గుళికలను నీటిలో నానబెట్టి ముద్దచేసి కాల్చితే కావలసినన్ని ట్రీట్లు తయారవుతాయి. చాలా కుక్కలు గిన్నెలో వద్దన్నదాన్నే చేతిలోంచి ఇస్తే ఇష్టంగా తింటాయి.

వారానికి ఒకే రోజున, వీలైతే ఒకే మనిషి, దురదకు 0 నుంచి 10 మధ్య అంకె వేయాలి. పాదాలు, చెవులు, పొట్ట ఫొటోలు తీయాలి, మలం తీరు రాయాలి. పొరపాటున ఏదైనా తినేస్తే దాచకుండా తేదీతో సహా రాసుకోవాలి. ఆ తర్వాత దురద పెరగకపోతే పరీక్ష కొనసాగించవచ్చు. పెరిగితే అది తగ్గేవరకు గడువును పొడిగించాలి.

దురద భరించలేనంతగా ఉంటే తొలి వారాల్లో దురద తగ్గించే మందులైన ప్రెడ్నిసొలోన్ లేదా ఒక్లాసిటినిబ్ ఇస్తూనే ఆహార పరీక్ష నడపవచ్చు. అయితే మందు పూర్తిగా ఆపిన తర్వాత కనీసం రెండు వారాలు అదే ఆహారం మీద ఉంచి గమనిస్తేనే తగ్గింది మందు వల్లనా, ఆహారం వల్లనా అన్నది తెలుస్తుంది. దురదకే ఇచ్చే లోకివెట్‌మాబ్ ఇంజెక్షన్ ప్రభావం 4 నుంచి 8 వారాలు ఉంటుంది కాబట్టి ఆ లెక్కను ముందే గడువులో కలుపుకోవాలి.

ఆరో దశ: పాత ఆహారాన్ని తిరిగి పెట్టి చూడడం

కుక్క కోలుకున్నాక మళ్లీ పాత తిండి పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు. కానీ ఈ దశ లేకపోతే నిర్ధారణ సగంలోనే ఆగిపోయినట్టు. మెరుగుదలకు ఋతువు మారడం, ఇన్ఫెక్షన్ తగ్గడం, ఫ్లీ మందు పనిచేయడం కూడా కారణాలు కావచ్చు. పాత ప్రధాన ఆహారాన్నీ, పాత ట్రీట్లనూ రెండు వారాల పాటు పెట్టాలి. అలెర్జీ ఉన్న కుక్కల్లో చాలావాటికి కొన్ని గంటల నుంచి 14 రోజుల లోపు దురద తిరిగి వస్తుంది. రాగానే ఆపి పరీక్ష ఆహారానికి మళ్లించాలి. మళ్లీ తగ్గితే ఆహార అలెర్జీ రుజువైనట్టే. ముఖం వాయడం, ఊపిరి అందకపోవడం, కుప్పకూలడం వంటివి గతంలో జరిగిన కుక్కకు ఇంట్లో ఈ ప్రయత్నం అసలు చేయకూడదు.

రుజువయ్యాక ఒక్కో పదార్థాన్ని విడిగా పరీక్షించవచ్చు. పరీక్ష ఆహారానికి ఉడికించిన కోడిమాంసం మాత్రమే కొద్దిగా కలిపి రెండు వారాల వరకు చూడాలి, ఏమీ కాకపోతే దాన్ని సురక్షిత జాబితాలో చేర్చి తర్వాతిదానికి వెళ్లాలి. దురద వస్తే ఆపి, చర్మం పూర్తిగా సర్దుకున్నాకే తర్వాతి పదార్థం మొదలుపెట్టాలి. గొడ్డుమాంసం, పాల పదార్థాలు, కోడిమాంసం, గోధుమలతో మొదలుపెడితే దోషి త్వరగా దొరికే అవకాశం ఉంది.

ఎనిమిది వారాలు నిష్ఠగా నడిపినా ఏ మార్పూ లేకపోతే, మొదట కొత్త ప్రోటీన్ వాడినవారు హైడ్రోలైజ్డ్ ఆహారంతో, హైడ్రోలైజ్డ్ వాడినవారు మరింత చిన్న ముక్కలున్న రకంతోనో వండిన ఆహారంతోనో ఇంకోసారి ప్రయత్నించవచ్చు. అప్పటికీ ఫలితం లేకుంటే అటోపిక్ డెర్మటైటిస్ వైపు చూడాలి. దురద సగమే తగ్గితే రెండూ కలిసి ఉన్నాయేమోనని అనుకోవాలి. అలాంటి కుక్కలు అరుదేమీ కాదు.

ఏడో దశ: దీర్ఘకాలపు ఆహారం

ఏది పడదో తెలిసిన కుక్కకు ఆ పదార్థం లేని మామూలు ఆహారం చాలు. అలెర్జీ కుక్కలు చాలావరకు ఒకటి రెండు పదార్థాలకే ప్రతిస్పందిస్తాయి కనుక ఎంపిక అంత ఇరుకుగా ఉండదు. కొత్త ఆహారానికి మార్చిన తర్వాత రెండు వారాలు దురదకు అంకెలు వేయడం కొనసాగిస్తే, లేబుల్‌లో లేని ప్రోటీన్ ఏదైనా కలిసి ఉంటే బయటపడుతుంది. విడి పదార్థాల పరీక్ష వద్దనుకుంటే, పరిపూర్ణమైన చికిత్సా ఆహారాన్నే జీవితాంతం పెట్టవచ్చు. ఇంట్లో వండి కొనసాగించేవారు ఖనిజ, విటమిన్ మిశ్రమంతో సహా నిపుణుల వంటకాన్ని తూకం తప్పకుండా పాటించాలి.

తయారీదారులు పదార్థాలను మార్చుతూ ఉంటారు కాబట్టి ప్రతి కొత్త సంచి లేబుల్‌నూ చదవాలి. పొడి ఆహారం నిల్వలో సూక్ష్మమైన నిల్వ పురుగులు పెరగగలవు, అవి కూడా కొన్ని కుక్కలకు అలెర్జీ కలిగిస్తాయి. అందుకే నెల రోజుల్లో అయిపోయేంత సంచి మాత్రమే తెచ్చి, చల్లని పొడి చోట గాలి చొరకుండా మూసి పెట్టాలి. ఏళ్ల తర్వాత దురద తిరిగి వస్తే ఆహారాన్ని మార్చే ముందు మొదటి దశకే వెళ్లి, ఫ్లీ పురుగులు, ఇన్ఫెక్షన్, ఇంట్లో కొత్తగా మొదలైన ట్రీట్లు, ఈ మూడింటినీ అదే వరుసలో చూసుకోవాలి. పడని పదార్థాల జాబితాను పశువైద్యుల దగ్గరున్న ఫైలులో రాయించి, కుక్కను వేరేవారి దగ్గర వదిలి వెళ్లే ప్రతిసారీ దాని ఆహారంతో పాటు ఆ జాబితా ప్రతిని కూడా ఇవ్వాలి.